మతిస్థిమితానికి ఈలో లెక్క పనికొస్తుందా?

2024 డిసెంబరులో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) జాబితాలో వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తరవాత క్లాసికల్ చెస్‌లో 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. కొద్ది నెలలకే ఆ అంకె మళ్లీ 2800 కిందికి వచ్చింది. అందులో వింతేమీ లేదు. రేటింగ్ అంటేనే ఎక్కేది, దిగేది. మనిషి మతి గురించి మనం ఇచ్చే తీర్పు మాత్రం ఒకసారి పడితే దిగదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు రేటింగ్ లెక్క ఎలా నడుస్తుందో చూడాలి.

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాడ్ ఈలో ఈ పద్ధతిని తయారుచేశారు. అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ఫిడే 1970లో దీన్ని చేపట్టాయి. 2200 రేటింగ్ ఆటగాడు, 2000 రేటింగ్ ఆటగాడు తలపడుతున్నారనుకుందాం. 200 తేడా ఉంటే పెద్ద రేటింగ్ ఆటగాడికి గేముకు సగటున 0.76 పాయింటు, రెండో అతనికి 0.24 వస్తాయని అంచనా. చిన్న రేటింగ్ ఆటగాడు గెలిచాడు. 0.24 రావలసిన చోట 1 వచ్చింది, తేడా 0.76. దాన్ని 20తో హెచ్చవేస్తే 15.2. అతని రేటింగుకు అంత కలుస్తుంది. అనుకున్నట్టే పెద్ద రేటింగ్ ఆటగాడు గెలిచి ఉంటే అతనికి కలిసేది 4.8 మాత్రమే.

ఆ 20 అందరికీ ఒకటే కాదు. కొత్తగా వచ్చినవారికి 40, ఒకసారి 2400 అందుకున్నవారికి 10. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. మనిషి గురించి తెలిసింది తక్కువైతే, అతని మీద అభిప్రాయం అంత త్వరగా మార్చుకోవడానికి ఈ లెక్క సిద్ధంగా ఉంటుంది. వీధిలో మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పరిచయం లేని మనిషి ఒక్కరోజు బస్టాండులో తనలో తాను గట్టిగా మాట్లాడుకుంటే చాలు, పిచ్చివాడని తేల్చేస్తాం. ఆ తరవాత అతను ఎన్నేళ్లు మామూలుగా బతికినా ఆ మాట చెరగదు.

డాక్టర్ల సంగతేమిటి? వాళ్ల తీర్పులకూ ఒక కొలమానం ఉంది, దాని పేరు కాపా. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి ఎప్పుడూ ఒకే మాట చెబితే కాపా 1. కాకతాళీయంగా కుదిరే ఏకాభిప్రాయానికి మించి ఏమీ లేకపోతే సున్నా. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు తెచ్చేముందు క్షేత్ర పరీక్షలు జరిపింది. 2013లో ప్రచురించిన ఆ ఫలితాల్లో స్కిజోఫ్రీనియాకు 0.46, ఘోర అనుభవాల తరవాత వచ్చే పీటీఎస్‌డీకి 0.67 వచ్చాయి. అందరికీ తెలిసిన డిప్రెషన్‌కు వచ్చింది 0.28. జబ్బు లేదని దీనర్థం కాదు. నిద్ర పట్టక, తిండి సహించక, చచ్చిపోవాలనిపించే మనిషి బాధ నిజం, మందులతో, మాటలతో అది తగ్గడమూ నిజం. ఆ బాధకు ఏ పేరు పెట్టాలన్న దగ్గరే ఇద్దరు నిపుణులకు పొంతన కుదరడం కష్టమని ఈ అంకె చెబుతోంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, న్యూయార్క్ ఆసుపత్రుల్లో లండన్ కంటే స్కిజోఫ్రీనియా కేసులు చాలా ఎక్కువగా నమోదవుతున్నాయని ఒకప్పుడు గుర్తించారు. రెండు నగరాల్లోని రోగులనూ ఒకే బృందం ఒకే కొలతతో పరీక్షించేసరికి ఆ తేడా చాలావరకు మాయమైంది. 1972లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. తేడా ఎక్కువగా డాక్టర్ల అలవాటులో ఉంది. మరుసటి ఏడాది, 1973 డిసెంబరులో, స్వలింగ సంపర్కాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఎవరికీ ఏ చికిత్సా జరగలేదు. మారింది కొలబద్ద.

చదరంగంలో అంకెను సరిదిద్దడానికి గేము ఉంది. గెలుపో, ఓటమో, డ్రానో ఇద్దరు ఆటగాళ్లూ ఒప్పుకుని స్కోరుషీటు మీద సంతకం పెడతారు. మతి విషయంలో అలాంటి ఫలితం రాదు. తీర్పు చెప్పినవాడు తప్పని తేల్చే ఆట ఏదీ మర్నాడు జరగదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

డిప్రెషన్‌కు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఈ విషయంలో కాస్త మేలు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. 10 గాని అంతకు మించి గాని వస్తే సాధారణంగా మరింత పరీక్ష అవసరమంటారు. అది అడిగేది గత రెండు వారాల గురించి మాత్రమే. మూడు నెలల తరవాత మళ్లీ నింపితే 18 కాస్తా 6 కావచ్చు. స్కోరుకు గడువు ఉంది. అది విన్న చుట్టాలకే గడువు లేదు. పెళ్లి సంబంధాల దగ్గర పాత ఆసుపత్రి చీటీ కోసం వాకబు చేసేది వాళ్లే.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గడువును అర్థం చేసుకుంది. గతంలో చికిత్స పొందడం, ఆసుపత్రిలో ఉండడం అనే ఒక్క కారణంతో ఇప్పుడు గాని ఇకముందు గాని మానసిక రోగి అని నిర్ణయించకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. తన మానసిక చికిత్స విషయంలో ఒకరు తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనుకోకూడదని 4వ సెక్షన్ అంటుంది.

ఆ చట్టానికి ముందే, 2013లో, ఒక తెలుగు డాక్టర్ దంపతుల విడాకుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భార్యకు స్కిజోఫ్రీనియా అన్నది భర్త వాదన. జబ్బు పేరు ఒక్కటే చాలదని, దాని తీవ్రత చూడాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది. ఈసారీ అదే దారిలో నడిచింది. ఆమె వైద్యవిద్య పూర్తిచేయడం, ప్రభుత్వ ఆసుపత్రిలో మానకుండా ఉద్యోగం చేస్తూ ఉండడం లెక్కలోకి తీసుకుంది. భర్త చెప్పినంత తీవ్రమైన జబ్బే ఉంటే అదంతా సాధ్యమయ్యేది కాదంటూ విడాకులు నిరాకరించింది.