చేప పొట్టలో ఎర్ర చుక్కలు

రసాయన కాలుష్యం మనిషి ఒంట్లోకి ఎలా చేరుతుందో విద్యార్థులకు బోధించడానికి విషపదార్థాల జాబితా కంటే జపాన్‌లోని మినమాటా పట్టణ ఉదంతమే ఎక్కువ పనికొస్తుంది. 1932 నుంచి 1968 వరకు అక్కడి కర్మాగారం ఎసిటాల్డిహైడ్ తయారీలో పాదరసాన్ని ఉత్ప్రేరకంగా, అంటే రసాయన చర్యను వేగిరపరిచే పదార్థంగా వాడి, వ్యర్థజలాలను సముద్రంలోకి వదిలింది. వాటిలోని మిథైల్ పాదరసం నీటిలో కొద్దిగానే ఉన్నా, చిన్న జీవుల నుంచి చిన్న చేపకు, దాని నుంచి పెద్ద చేపకు చేరేకొద్దీ పోగుపడుతూ పోయింది. దీన్నే జైవిక వృద్ధీకరణం అంటారు. ఆ పదాన్ని బట్టీ పట్టించడం తేలికే గాని, నల్లబల్లపై ఒకదానికంటే ఒకటి పెద్దవిగా చేపలు గీసి, వాటి పొట్టల్లో ఎర్ర సుద్దముక్కతో చుక్కలు పెంచుకుంటూ పోతేనే విషయం బోధపడుతుంది.

ఆ చేపలు తిన్న పిల్లులు తూలుతూ, మూర్ఛలతో చచ్చాయి. ఆ చేపలు తిన్న మనుషులకూ వ్యాధి వచ్చింది; దాన్ని 1956 మే 1న అధికారికంగా గుర్తించారు. దాని బారిన పడినవారికి వేళ్లు తిమ్మిరెక్కి, చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమైంది, మాట తడబడింది, చూపు అంచుల నుంచి కుంచించుకుపోయింది. తరగతిలో నిదానంగా, పిల్లల వయసెరిగి చెప్పవలసింది గర్భస్థ శిశువుల సంగతి. తల్లి ఒంట్లోని విషాన్ని మావి అడ్డుకుంటుందని అప్పట్లో వైద్యులు నమ్మేవారు. మిథైల్ పాదరసం దాన్ని దాటిపోవడంతో, పైకి పెద్దగా జబ్బు కనిపించని తల్లులకూ మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు.