ఇంటి కప్పు చల్లగా ఉంటే రోగికి సగం ఊరట
(రోగుల కుటుంబ సభ్యులకు)

ఆసుపత్రి నుండి డిశ్చార్జి అయ్యే రోజున మీకు మందుల చీటీ ఇస్తాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, పథ్యం ఏమిటో, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో చెబుతాము. మార్చి నుండి జూన్ వరకు వీటితోపాటు మీరు ఇంకొక విషయం కూడా ఆలోచించుకోవాలి. ఇంటికి వెళ్ళాక రోగి ఏ గదిలో పడుకుంటారు? ఆ గదికి పైన ఉన్నది స్లాబా, రేకులా, పెంకులా? సాయంత్రం ఏడు గంటలకు ఆ గదిలో మీరు కూర్చోగలరా?

మంచి వైద్యం పొంది కోలుకుంటున్న మనిషి వేడెక్కిన గదిలో రెండు మూడు రోజులు ఉంటే మళ్ళీ నీరసించి పోవచ్చు. కొందరికి అది ప్రాణాపాయం కూడా. అయితే కప్పు నుండి, గోడల నుండి దిగే వేడిని తక్కువ ఖర్చుతో చాలావరకు ఆపవచ్చు. ఈ వ్యాసం ఉద్దేశ్యం అదే.

ఎండలోకి వెళ్ళకపోయినా వడదెబ్బ తగులుతుంది

వడదెబ్బ అంటే పొలంలో, రోడ్డు మీద పనిచేసే వారికే వస్తుందని చాలామంది అనుకుంటారు. గుమ్మం దాటని వృద్ధులకు, మంచం మీద ఉన్న రోగులకు కూడా ఇంట్లోనే వడదెబ్బ తగులుతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు.

మన శరీరం చెమట పట్టించి తనను తాను చల్లబరచుకుంటుంది. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. యానాం గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట కారుతుంది కాని త్వరగా ఆరదు. అందుకే రాయలసీమకంటే ఇక్కడ థర్మామీటరులో అంకె తక్కువ కనిపించినా ఒంటికి ఉక్క ఎక్కువ. నీళ్ళతో నడిచే కూలర్లు కూడా తేమ గాలిలో అంతగా చల్లదనం ఇవ్వలేవు. కాని కప్పు మీద పడే ఎండను ఆపితే మాత్రం పొడి ఊరైనా, తేమ ఊరైనా లాభం ఒకటే.

ఈ క్రింది వారి విషయంలో మరింత శ్రద్ధ అవసరం:

- పక్షవాతం వచ్చి, దాహమేస్తోందని చెప్పలేనివారు, మంచం మీద అటూ ఇటూ కదలలేనివారు. వీరికి చెమట వల్ల పడక పుండ్లు కూడా త్వరగా వస్తాయి.
- మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉండి, రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు కొలత చెప్పినవారు. ఎండాకాలం నీళ్ళు బాగా తాగండి అనే మాట వీరికి వర్తించదు. కాబట్టి వీరికి గది చల్లగా ఉండడమే ముఖ్యమైన రక్షణ.
- నీరు తీసే మాత్రలు, కొన్ని రకాల మానసిక వ్యాధుల మందులు వాడుతున్నవారు. ఈ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. ఎండల రోజుల్లో ఎలా వాడాలో డాక్టరును అడగండి.
- పసిబిడ్డలు, బాలింతలు. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలు బిగించి, నీళ్ళు తక్కువ ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. ఎండాకాలంలో అది తల్లికీ బిడ్డకూ హాని.

వేడి ఎక్కడి నుండి వస్తుంది?

మే నెల మొదటి పక్షంలో యానాంలో మధ్యాహ్నం పూట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి ఎండ ఎక్కువగా పడేది ఇంటి కప్పు మీదనే. ఉదయం తూర్పు గోడ మీద, మధ్యాహ్నం తరువాత పడమటి గోడ మీద పడుతుంది. దక్షిణపు గోడకు ఆ రోజుల్లో ఎండ తగిలేది చాలా తక్కువ. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టే ముందు వరుస గుర్తుంచుకోండి: మొదట కప్పు, తరువాత పడమటి గోడ, ఆ తరువాతే మిగిలినవి.

పాచిపట్టి నల్లబడిన స్లాబు పైభాగం ఎండాకాలం మధ్యాహ్నం 60 డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది. ఆ వేడి కాంక్రీటులో నెమ్మదిగా దిగి, మూడు నాలుగు గంటలకు లోపలి వైపు చేరుతుంది. అందుకే బయట చల్లగాలి మొదలైన తరువాత కూడా డాబా ఇంట్లో సెగ తగ్గదు. ఫ్యాను ఆ సెగనే క్రిందికి కొడుతుంది. రోగికి నిద్రపట్టవలసిన సమయం సరిగ్గా అదే.

రేకుల ఇల్లు వేరు. రేకు పలుచన కాబట్టి ఎండ తగిలిన కొద్దిసేపటికే వేడెక్కుతుంది, పొద్దుపోయాక త్వరగానే చల్లారుతుంది. అంటే డాబా ఇంట్లో ప్రమాదం సాయంత్రం, రాత్రి. రేకుల ఇంట్లో ప్రమాదం మిట్టమధ్యాహ్నం. రోగిని ఏ వేళలో ఏ గదిలో ఉంచాలో దీనిని బట్టి నిర్ణయించుకోండి.

పెద్దలు కట్టిన ఇళ్ళు చెప్పే సంగతి

యానాంలో ఫ్రెంచివారి కాలంనాటి ఇళ్ళలోకి మధ్యాహ్నం వేళ అడుగుపెడితే తేడా తెలుస్తుంది. మందమైన గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా. గోదావరి పల్లెల్లోని పెంకుటిళ్ళలో పెంకులకూ గదికీ నడుమ అటక ఉంటుంది. పెంకుల వేడి ముందు అటకలోని గాలికి తగులుతుంది, మన దాకా కొంతే వస్తుంది. తాటాకుల కప్పులో ఆకుకూ ఆకుకూ మధ్య నిలిచిన గాలే వేడిని ఆపుతుంది.

ఈనాడు దుకాణాల్లో దొరికే థర్మోకోల్ చేసే పని కూడా ఇదే. అందులో చిన్న చిన్న గదుల్లో గాలి బందీగా ఉంటుంది. ఒక అంగుళం థర్మోకోల్ ఆపినంత వేడిని కాంక్రీటు ఆపాలంటే సుమారు 40 అంగుళాల మందం కావాలి. స్లాబు బరువైనది, గట్టిది. కాని ఎండకు అది అడ్డు కాదు.

స్లాబు ఇంటికి ఏమి చేయాలి?

1. తెల్లసున్నం. అన్నిటికంటే చవక, అందరూ చేసుకోగలిగినది. ముందు స్లాబును ఊడ్చి, పాచి గీకి, పగుళ్ళు పూడ్చండి. గుల్లసున్నం గాని రాతిసున్నం గాని నీళ్ళలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, జిగురు కలపండి. స్లాబును కొద్దిగా తడిపి, ఒక పూత నిలువుగా, అది ఆరాక ఇంకొక పూత అడ్డంగా వేయండి. తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది. వానలకు సున్నం పోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మళ్ళీ వేయాలి.

2. కప్పు పైన నీడ. స్లాబు మీద రెండు మూడు అడుగుల ఎత్తున కొబ్బరాకు లేక తాటాకు పందిరి వేయండి. నడుమ గాలి ఆడాలి. ఇల్లంతటికీ వేయలేకపోతే రోగి మంచం ఉన్న గది పైన మాత్రమే వేసినా చాలు.

3. తెల్ల టైల్సు ముక్కలు. విరిగిన తెల్ల టైల్సు చవకగా దొరికితే మేస్త్రీ చేత స్లాబు మీద పరిపించవచ్చు. సున్నంలా ఏటా వేయనక్కరలేదు, అప్పుడప్పుడు కడిగితే చాలు.

4. థర్మోకోల్ వంటి పలకల పొర. కొత్తగా ఇల్లు కట్టేవారు, మరమ్మతు చేయించేవారు స్లాబుకు ముందు నీరు దిగకుండా పూత వేయించి, పైన పలకలు పరచి, వాటి మీద కాంక్రీటో టైల్సో వేయించుకోవచ్చు. ఖర్చు ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. ఏసీ ఉన్న ఇళ్ళలో కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. స్లాబు ఆ బరువు మోయగలదో లేదో ముందుగా ఇంజినీరుకు చూపించండి.

సున్నం వంటి చిన్న పనికి నిజంగా ఫలితం ఉంటుందా అని అనుమానం రావచ్చు. 2017లో హైదరాబాదు బస్తీలలో 25 చిన్న ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర పరచి చూశారు. మామూలు కప్పు ఉన్న ఇళ్ళకంటే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది. రెండు డిగ్రీలు మనకు చిన్న అంకెలా కనిపించవచ్చు. నిద్రలేక ఆయాసపడే రోగికి అది చిన్నది కాదు.

రేకుల ఇంటికి

రేకుల మీద తెల్లరంగు వేయండి. లోపల, రేకులకు ఒక అడుగు క్రిందుగా వెదురు తడకలు కట్టి, పైన చేరే వేడిగాలి పోవడానికి రెండు వైపులా కంతలు ఉంచండి. రేకుల మీద తాటాకు పరిచేవారు తాళ్ళతో గట్టిగా బిగించాలి.

సిమెంటు రేకులు చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేది. కాబట్టి ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు, కోయవద్దు, కంతలు వేయవద్దు. రంగు వేసేముందు నీళ్ళతో తడిపి మెత్తగా కడగండి. కప్పులు ఎక్కేటప్పుడు నేరుగా రేకు మీద కాలు వేయవద్దు, అది పగిలి క్రింద పడతారు.

గోడలకు

పడమటి గోడ బయటివైపు తెల్లసున్నం వేయండి. గోడకు జానెడు దూరంలో తడిక నిలబెట్టండి, లేదా పందిరి వేసి బీర, సొర, చిక్కుడు పాదులు పాకించండి. ఎండను గోడకు తగలక ముందే బయట ఆపడం మంచిది. లోపల కట్టిన కర్టెను వేడి గదిలోకి వచ్చేశాక ఆపుతుంది, బయట కట్టిన చాప రాకముందే ఆపుతుంది. మంచాన్ని పడమటి గోడకు ఆనించకుండా కొద్దిగా జరపండి.

గోడలకు లోపల పలకలు బిగించాలనుకునేవారు ఒకటి గమనించాలి. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదకు యానాంలో చాలా వీధులు మునిగాయి. వరద తగిలిన గోడ చాలాకాలం చెమ్మగా ఉంటుంది. దాని మీద పలకలు కప్పితే లోపల బూజు పెరుగుతుంది. ఆస్త్మా, ఆయాసం ఉన్నవారికి అది కీడు.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

- వేడిని ఆపండి, గాలిని ఆపవద్దు. ముఖ్యంగా క్షయ రోగి ఉన్న గదిలో కిటికీలు మూయరాదు. పగలు ఎండవైపు కిటికీలకు చాప దించి, సాయంత్రం బయట చల్లబడగానే అన్నీ తెరవండి.
- తాటాకు పందిరి వంట పొయ్యికి, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. థర్మోకోల్ సులభంగా అంటుకుని నల్లని పొగ వదులుతుంది. వంటగది కప్పుకు దానిని అంటించవద్దు.
- 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ ప్రాంతంలో పెద్దలందరికీ గుర్తే. వదులుగా ఉన్న రేకు గాలిలో కత్తితో సమానం. వానాకాలం ముగిసేలోగా పందిళ్ళు విప్పివేయండి, రేకుల బోల్టులు బిగించండి.
- సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. పడిన వెంటనే ధారగా మంచినీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి తీసుకురండి. సున్నం నానబెట్టే చోటికి పిల్లలను రానివ్వవద్దు.
- ఇన్సులిన్, మాత్రలు స్లాబుకు దగ్గరగా ఉన్న అటక మీద, పై అలమరలో పెట్టవద్దు. ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్ సీసాను నీళ్ళు తగలని డబ్బాలో పెట్టి, చుట్టూ తడి ఉన్న మట్టికుండలో ఉంచవచ్చు.

అద్దె ఇంట్లో ఉండేవారు ఇంటి యజమానితో మాట్లాడండి. సున్నం వల్ల ఆయన స్లాబు కూడా ఎండకు త్వరగా పగలదు.

ఫలితం తెలుసుకోవడం ఎలా?

గోడకు తగిలించే మామూలు థర్మామీటరును మంచం ఎత్తులో కట్టండి. మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి అంకె వ్రాసి ఉంచండి. సున్నం వేయకముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు చూస్తే తేడా మీకే తెలుస్తుంది. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు రోగిని చెట్టు నీడకో, చల్లని ఇంటికో మార్చండి.

రోగి తికమకగా మాట్లాడుతున్నా, పిలిస్తే పలకకపోయినా, ఒళ్ళు కాలిపోతూ 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోను చేయండి. వాహనం వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. స్పృహ లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయరాదు.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గల ఒక మనిషిని నలుగురు మోసుకొని వస్తారు. జనం వల్ల లోపలికి దారి దొరకక, వారు ఇంటి కప్పు ఎక్కి, దానిని విప్పి, అతనిని ప్రభువు ముందుకు దించుతారు. ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. రోగి కోసం కప్పు ఎక్కారన్నది మాత్రం తెలుసు. మీ ఇంట్లో మంచం మీద ఉన్న వారి కోసం ఈ ఎండాకాలం మీరూ ఒకసారి కప్పు ఎక్కండి. ఒక బకెట్టు సున్నంతో మొదలుపెట్టండి. దేవుడు మీ ఇంటికి చల్లదనాన్ని, మీ వారికి ఆరోగ్యాన్ని ఇచ్చును గాక.