మసి గోత్రము చెప్పు యంత్రము

ధూమమును జూచి యగ్ని నూహించుట మన తార్కికులకు ప్రాచీనోదాహరణము. కాని వంటయింటి చూరును బట్టిన మసియు, డీజిలు లారీ గొట్టమున బేరుకొన్న మసియు కంటి కొక్క నలుపుగనే తోచును గనుక, నగరవాయువునందలి ధూమము ఏ యగ్నినుండి పుట్టినదో కేవలము చూచి చెప్పుట యెవ్వరి తరమును గాదు. ఆ విచారణకు బూనుకొన్న సాధనము ఎథలోమీటరు. మసిబారజేయుట యను నర్థముగల గ్రీకుపదమునుండి దాని కాపేరు వచ్చినది.

దాని జన్మస్థానము కాలిఫోర్నియాలోని బర్క్లీ నగరము. యుగోస్లావియా దేశమున జన్మించి, బర్క్లీలోని లారెన్స్ ప్రయోగశాలలో స్థిరపడిన తిహోమిర్ నొవాకోవ్, 1970వ దశకమున పట్టణవాయువులను వడగట్టి, వడపోత కాగితములను నల్లబరచు పదార్థమునుగూర్చి దీర్ఘపరిశోధన సల్పెను. 'బ్లాక్ కార్బన్' అను మాటను శాస్త్రమున నిలిపినవా డాతడే. సేకరించిన కాగితమును పిమ్మట పరీక్షించుటకు మారుగా, గాలి వడియుచుండగనే కొలుచు నుపాయమును ఆంటొనీ హాన్సెన్, హాల్ రోజెన్, నొవాకోవ్ మువ్వురును 1984లో ప్రకటించిరి.

ఆ యుపాయము నిరాడంబరము. నాకు దానియందు గౌరవము గలుగుటకు గారణమును అదియే. ఒక పంపు తెల్లని నారపట్టీ గుండ గాలిని లాగుచుండ, పట్టీపై చిన్నమచ్చ యేర్పడి క్రమముగా నల్లబడును. మీద దీపమును, క్రింద వెలుతురును గొలుచు గ్రాహకమును ఉండి, గాలి సోకని ప్రక్కతావుతో బోల్చి, మచ్చ నల్లబడు వేగమునుబట్టి మసి పరిమాణమును దెలుపును. మచ్చ మిక్కిలి దట్టమైనచో పట్టీ తానే ముందునకు జరుగును. దట్టమైనకొలది లెక్క తగ్గిపోవు దోషము చిరకాలము బాధింపగా, వేర్వేరు వేగముల గాలి పీల్చు రెండు మచ్చలను బోల్చి సరిదిద్దు నమూనా తరువాత వచ్చినది.

గోత్రము దెలియునది రంగులవలన. 370 నానోమీటర్ల అతినీలలోహితము మొదలు 950 నానోమీటర్ల పరారుణము వఱకు ఏడు కాంతులను ఈ యంత్రము వెలిగించును. డీజిలు మసి, 880 నానోమీటర్లకడ మ్రింగిన కాంతికి 370కడ సుమారు రెండున్నర రెట్లు మ్రింగును. కట్టెపొగయందలి గోధుమవన్నె పదార్థములు నీలపుటంచున నధికముగా మ్రింగుటచే ఆ నిష్పత్తి ఐదురెట్లను మించవచ్చును. ఈ భేదము నాధారముగొని స్విట్జర్లాండు లోయలలోని చలికాలపు గాలియందు కట్టెపొగను, వాహనపు పొగను వేఱుచేసి చూపిరి. అనంతపురమునను, హైదరాబాదునను గూడ ఈ సాధనముతో మసిని గొలిచిరి.

అయినను ఇది యనుమానప్రమాణమే. బొగ్గు, చెత్త తగులబడినచో రంగుల సాక్ష్యము తడబడును. అంతకంటె దృఢమైన సాక్షి రేడియోకార్బన్. 5,730 ఏండ్ల యర్ధాయువు గల ఆ పరమాణువులు కట్టెలోను, పిడకలోను నుండును; కోట్ల యేండ్లు భూగర్భమున నున్న నూనెయందు మిగులవు. మాల్దీవులలోని హనిమాధూ ద్వీపమునను, పూనాకు జేరువనున్న సింహగఢమునను బట్టిన రేణువుల నిట్లు పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితమునుబట్టి, దక్షిణాసియాపై గ్రమ్ము గోధుమమేఘమందలి కర్బనరేణువులలో మూడింట రెండువంతులు కట్టె, పిడక, పంటచెత్త వంటివాని మంటలనుండి పుట్టినవే.