పాత జీపు బ్రేకు: పాదము క్రింది నాడి

పాత జీపులు నడపువారికి ఒక్కొక్కప్పుడు ఒక వింత అనుభవము కలుగును. బ్రేకుపై కాలు మోపగానే పెడలు నిలుకడగా ఉండక, అరికాలి క్రింద నాడివలె కొట్టుకొనును. బండి ఆగుచునే యున్నది గదా యని కొందరు ఉపేక్షింతురు. మరికొందరు వెంటనే డిస్కులను, డ్రమ్ములను లేతుపై చెక్కించి వత్తురు. రెండును సరియైన మార్గములు కావు. నాడి చూడక మందు వేయరాదు.

పెడలునకును చక్రమునకును నడుమ బ్రేకు ఆయిలు ఉన్నది. అది ఒత్తిడికి కుదించుకొనిపోదు. కావుననే కాలి ఒత్తిడి చక్రమువరకు పోవును. అదే దారిన చక్రము దగ్గరి లోపము కాలివరకు తిరిగి వచ్చును. డ్రమ్ము గుండ్రదనము చెడినచో తిరిగినప్పుడెల్ల షూలను లోనికి నెట్టును. ఆయిలు వెనుకకు మరలి పెడలును ఎత్తును. డిస్కు మందము అంతట సమముగా లేకున్నను ఇట్లే జరుగును. మిల్లీమీటరులో నూరవ వంతులు రెండు తేడా యున్నను కాలికి తెలియవచ్చును.

విల్లీస్ జీపులందును, ఆ నమూనాపై మన దేశమున మహీంద్రావారు తయారుచేసిన పాత జీపులందును నాలుగు చక్రములకును డ్రమ్ములే. తరువాత వచ్చిన మారుతీ జిప్సీ కింగులో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. నేటి కార్లలో ఏ.బి.ఎస్. పనిచేయునప్పుడు పెడలు అదరుట సహజమే. ఆ ఏర్పాటు లేని పాత జీపులో అదరినచో అది లోపమునకు గుర్తు.

వాగు దాటిన బండి తడి ఆరకుండ రాత్రియంతయు నిలిచినచో షూలు ఆనియున్న చోట త్రుప్పు పట్టును. మరునాడు ఖాళీ రోడ్డుపై మెల్లగా నడుపుచు, పలుమారులు తేలికగా బ్రేకు వేసి చూడవలెను. అదరుట తగ్గిపోయినచో అది పైపొర త్రుప్పు మాత్రమే. తగ్గనిచో పరీక్ష సాగింపవలెను.

వెనుక ముందు వాహనములు లేని సమతలపు రోడ్డుపై యాభై కిలోమీటర్ల వేగమునుండి మెల్లగా బ్రేకు వేయవలెను. వేగము తగ్గినకొలది కొట్టుకొనుటయు నెమ్మదించినచో లోపము చక్రముతో తిరుగుచున్నదన్నమాట. స్టీరింగు కూడ ఊగినచో ముందు చక్రములను, సీటు అదరినచో వెనుక చక్రములను ముందుగా అనుమానింపవలెను. బ్రేకు వేయకున్నను స్టీరింగు ఊగుచున్నచో రిమ్ములో పేరుకొన్న బురదను, టైర్లను, కింగ్ పిన్నులను చూడవలెను. చేతి బ్రేకు లాగి వెనుక చక్రములను పరీక్షించు పద్ధతి యొకటి కలదు. కాని విల్లీస్ వంటి పాత జీపులలో చేతి బ్రేకు చక్రములపై గాక, గేరు పెట్టె వెనుక షాఫ్టుపై పనిచేయును. అట్టి బండి నడుచుచుండగా దానిని లాగరాదు.

తరువాత బండిని సమతలమున నిలిపి, మిగిలిన చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, జాకీతో చక్రము నెత్తి, గట్టి ఆధారముపై నిలుపవలెను. చక్రమును పైనను క్రిందను పట్టుకొని ఊపి చూడవలెను. ముందు చక్రము వదులుగా ఊగినచో, మరియొకరిని బ్రేకు త్రొక్కుమని తిరిగి ఊపవలెను. ఊగుట మానినచో బేరింగు వదులైనది. మానకున్నచో కింగ్ పిన్ను అరిగినది. ఈ చిన్న పరీక్షకు ఖర్చు లేదు.

ఇచ్చటనే అసలు విషయమున్నది. డిస్కు వేడికి వంగిపోయినదని సాధారణముగా అందురు. తరచుగా జరుగునది వేరు. బేరింగు వదులైనను, హబ్బుకును డిస్కునకును నడుమ త్రుప్పు పేరినను, నట్టులు సమముగా బిగింపకున్నను డిస్కు వాలుగా తిరుగును. ప్రతి చుట్టులోను ఒకే చోట ప్యాడుకు రాచుకొని, కొన్నాళ్ళకు అచ్చట పలుచబడును. మిక్కిలి వేడెక్కిన బ్రేకును త్రొక్కిపట్టి నిలిచినను ప్యాడు పదార్థము ఒకచోట అంటుకొనవచ్చును. మూలము సరిచేయక డిస్కును మాత్రమే చెక్కించినచో కొంతకాలమునకు జబ్బు తిరిగి వచ్చును. చెక్కించినకొలది డిస్కు పలుచబడి త్వరగా వేడెక్కును.

కావున ముందు బేరింగు బిగింపవలెను. తరువాత హబ్బు ముఖమును శుభ్రపరుపవలెను. ఆపై డయల్ గేజితో డిస్కు ఊగుటను, మైక్రోమీటరుతో చుట్టును ఎనిమిది చోట్ల మందమును కొలువవలెను. డ్రమ్మునైనచో లోపలి వ్యాసమును పలు దిక్కుల కొలువవలెను. డిస్కు కనీసపు మందమును, డ్రమ్ము గరిష్ఠ వ్యాసమును తయారీదారులు నిర్ణయించియుందురు. ఆ హద్దు దాటినదానిని మార్చవలసినదే. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు; తడిగుడ్డతో తుడువవలెను. చివరకు నట్టులను ఎదురెదురుగా, సమముగా బిగింపవలెను.

సమతలపు రోడ్డుపై చిన్న చికాకుగా తోచు ఈ అదురు, ఘాటు రోడ్డు దిగునప్పుడు ప్రాణములమీదికి రావచ్చును. వదులైన బేరింగు గాని, హద్దు మీరి పలుచబడిన డిస్కు గాని ఆ వాలున బ్రేకు వేడికి నిలువలేదు. పాదము చెప్పునది సమతలముననే విని, కారణము తెలిసికొని, మరమ్మతు చేయించిన పిమ్మటనే కొండదారి పట్టుట క్షేమము.