గాలినుండి నీటికి దిగు నత్రజని

తెల్లవాఱి పశువుల కొట్టము తలుపు తెఱచినపుడు ముక్కును మండించు ఘాటైన వాసన యొకటి వచ్చును. పశువుల మూత్రమునుండి పుట్టిన ఆ వాయువునకే అమ్మోనియా యని పేరు. కొంతసేపటికి వాసన పోయినదందుము. పోయినది ఎచ్చటికి? నేడు నేను మీకు విన్నవింపదలచినది ఈ ప్రశ్నకు సమాధానమే.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని యది జడమైన వాయువు. పైరునకు గాని నాచునకు గాని నేరుగా ఆహారము కాజాలదు. పూర్వము పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులును, ఆకాశమున మెఱుపులును దానిని మార్చి భూమికి మితముగా అందించుచుండెడివి. 1909లో హేబరు అను జర్మను శాస్త్రజ్ఞుడు గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియాను చేసి చూపెను. 1913లో అందులకు కార్ఖానా వెలసెను. మనము చల్లు యూరియాకు మూలమిదియే. దీనివలన కోట్ల జనులకు అన్నము దొరకినదనుట సత్యము.

అయినను నిలువ నీటిపై చల్లిన యూరియాలో కొంత పైరునకందక అమ్మోనియాగా మాఱి గాలిలో కలియును. మోటారు బండ్ల పొగయు, బొగ్గు కాల్చు విద్యుత్ కేంద్రముల పొగయు వేఱొక రూపమున నత్రజనిని గాలికెక్కించును. ఎక్కినది దిగక మానదు. వానతో కొంత, ధూళితో కొంత మరల నేలపైనను నీటిపైనను పడును.

నీట పడినదానిని తిని నాచు పెచ్చుపెరుగును. అది చచ్చి క్రుళ్లునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. అంతట చేపలు ఊపిరాడక చచ్చి తేలును.

అమెరికా తూర్పుతీరమున చెసపీక్ అను అఖాతము కలదు. 64,000 చదరపు మైళ్ల నేలనుండి నీరు దానిలో చేరును. అందు చేరు నత్రజనిలో ఇంచుమించు మూడవవంతు గాలినుండి వచ్చినదేయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ గాలి వచ్చు ప్రదేశమో, నీరు వచ్చు నేలకంటె అనేక రెట్లు పెద్దది. ఆ తీరమును ఎన్నడు చూడని వాని కోళ్లశాలయు అచ్చటి చేపకు కీడు చేయగలదన్నమాట. 1990లో ఆ దేశపు వాయుశుద్ధి శాసనమును సవరించిన పిదప పొగలోని నత్రజని తగ్గినది. అమ్మోనియా మాత్రము ఆ రీతిగా తగ్గలేదు.

మన కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్నది. చుట్టును వరిచేలు, చేపల చెరువులు. కాలువలో వచ్చు ఎరువునీరు కంటికి తెలియును; గాలిలో వచ్చునది తెలియదు. నీటికి గట్టు వేయవచ్చును గాని గాలికి వేయజాలము. కావున అది లేచు చోటనే ఆపవలెను.

యూరియాను ఒక్క మాఱుగా గాక దఫాలుగా వాడుడు. చేనిలో నీరు తీసి, బురదపదునున చల్లి, ఒకటి రెండు దినములకు నీరు పెట్టుడు. పేడకుప్పను మన్నుతో కప్పుడు. కొట్టములోని మూత్రమును ఎండుగడ్డిలో ఇంకనిండు. గాలికి పోయిన ఎరువు రైతు సొమ్మే. ఆ సొమ్మే పల్లెవాని వలను ఖాళీ చేయుచున్నది. ఈ రెండు నష్టములకును మందొక్కటే యని పెద్దలు గ్రహించి పిన్నలకు బోధింతురుగాక.