కాలినడకన నాలుగు శతాబ్దాలు
హైదరాబాదు పాతనగరంలో భిలాయి కుటుంబాల పర్యటన

భిలాయిలోని తెలుగు కుటుంబాలకు సెలవు యాత్ర అనగానే స్వస్థలమే గుర్తుకు వస్తుంది. ఉత్తరాంధ్ర వారు రాయపూరు, విజయనగరం మార్గాన వెళతారు. తెలంగాణ వారు నాగపూరు, కాజీపేట మార్గాన వెళతారు. బంధువుల ఇళ్లు, ఒక పెళ్లి, ఒక దైవదర్శనం పూర్తయ్యేసరికి సెలవు ముగిసిపోతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు హైదరాబాదు అంటే రైలు దిగి బస్సు ఎక్కే చోటు మాత్రమే. చార్మినారు వారికి బిస్కెట్ల డబ్బా మీది బొమ్మగానే పరిచయం.

ఈ లోటు తీర్చుకోవాలని మేము ఏడు కుటుంబాల వారం ఒక శీతకాలపు ఉదయాన్ని పాతనగరానికి కేటాయించాము. చారిత్రక నగరాలను స్థానిక మార్గదర్శకుని వెంట కాలినడకన తిరిగి చూడటం ఐరోపాలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇటలీలోని ఫ్లోరెన్సు, రోము నగరాలలో యాత్రికులు రెండు మూడు గంటల నడకలో అనేక శతాబ్దాల చరిత్రను విని తెలుసుకుంటారు. వెనిసులోనైతే నడక, పడవ తప్ప వేరొక దారి లేదు. మన హైదరాబాదు పాతనగరం కూడా ఇటువంటి నడకకు ఎంతో అనువైనది. ముఖ్యమైన కట్టడాలన్నీ రెండు కిలోమీటర్ల లోపుననే ఉన్నాయి.

రాతి వరండాల వీధి

ఉదయం ఎనిమిది గంటలకు మదీనా కూడలి వద్ద మా నడక ప్రారంభమైంది. మా మార్గదర్శకుడు పాతనగరంలోనే పుట్టిన నడివయస్కుడు. తెలుగు, ఉర్దూ రెండూ ఆయన నోట సమానంగా పలుకుతాయి. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఆ వేళ పత్తర్‌గట్టీ వీధికి ఇరువైపులా ఉన్న రాతి కమానుల వరుస మొత్తం కంటికి కనిపిస్తుంది.

ఈ వీధి కుతుబ్‌షాహీల నాటిది కాదని ఆయన చెప్పినప్పుడు మాలో చాలామంది ఆశ్చర్యపోయారు. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత నగరాన్ని సరిదిద్దే పని మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద నివారణ పథకం తయారు చేయించారు. ఆ పథకం ఫలితంగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు సందులను తొలగించి, వీధులను వెడల్పు చేసి, ఎండావానలకు జనం తలదాచుకోవడానికి వీలుగా రాతి వరండాలతో ఈ దుకాణాలను కట్టించింది ఆ మండలియే.

అక్కడికి దగ్గరలోనే ఉన్నది బాద్షాహీ ఆషూర్‌ఖానా. చార్మినారు వెలసిన కొద్ది సంవత్సరాలకే మొహర్రం సంతాప దినాలలో ఆలములను నిలిపేందుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని కట్టించాడు. మన పల్లెలలో పీర్ల పండుగనాడు పీర్లను ఎత్తుకొని ఊరేగిన వారికి ఆలముల గురించి వేరుగా చెప్పనవసరం లేదు. లోపలి గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల పెంకు ముక్కలను అతికి చేసిన అలంకరణ ఉన్నది. పై భాగం నేటికీ నిగనిగలాడుతుండగా, కింది భాగంలో ఆ మెరుపు లేదు. 1908 వరద నీరు ఇక్కడకు కూడా వచ్చి కింది పెంకులను పాడు చేసిందని, తరువాత చేసిన మరమ్మతు పాత పనికి సాటి రాలేదని మార్గదర్శకుడు వివరించాడు. ఆయన వేలు పెట్టి చూపే వరకు మాలో ఎవరూ ఆ తేడాను గమనించలేదు.

నాలుగు కమానులు, నాలుగు దారులు

పత్తర్‌గట్టీ దాటి దక్షిణంగా నడిస్తే మచిలీ కమాను వస్తుంది. దానిని దాటగానే గుల్జార్ హౌజు. ఈ నీటితొట్టికి నాలుగు దిక్కులా నాలుగు కమానులు ఉన్నాయి. వీటినే చార్ కమాన్ అంటారు. పడమటి కమాను ఒకనాడు రాజప్రాసాదానికి సింహద్వారం. ఆ ప్రాసాదాలు నేడు లేవు. కమాను మాత్రం బంగారు నగల దుకాణాల మధ్య నిలిచి ఉన్నది.

గోల్కొండ కోటలో జనం పెరిగి, స్థలమూ నీరూ చాలక ఇబ్బంది ఏర్పడినందున మూసీకి దక్షిణాన ఈ కొత్త నగరాన్ని కట్టారు. దీనికి ప్రణాళిక రూపొందించిన ఘనత కులీ కుతుబ్‌షా మంత్రి మీర్ మోమిన్ అస్తరాబాదీకి దక్కుతుంది. రెండు రాచబాటలు ఒకదానినొకటి ఖండించే చోట చార్మినారును నిలిపారు. ఊరు తనంత తానుగా పెరిగి, ఆ తరువాత రోడ్లు వేయడం సాధారణంగా జరిగేది. ఇక్కడ ముందు గీతలు గీసి, ఆ తరువాత ఊరు కట్టారు. సెక్టారు, వీధి, క్వార్టరు నంబరు చెబితే చాలు ఇల్లు దొరికే ఊరిలో ఉంటున్న మనకు ఇటువంటి నగరం అపరిచితమేమీ కాదు.

చార్మినారు 1591 నాటిది. హిజరీ శకం 1000వ సంవత్సరం ఆ కాలంలోనే వచ్చింది. ఆ సహస్రాబ్ది గుర్తుగా కట్టారని కొందరు, మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా కట్టారని మరికొందరు చెబుతారు. ఒక్కొక్క మినారులో 149 మెట్లు. పై అంతస్తులో చిన్న మసీదు ఉన్నది. నాలుగు వైపులా కనిపించే గడియారాలను 1889లో అమర్చారు. మేము మెట్లెక్కి మొదటి అంతస్తు చేరుకున్నాము. అక్కడ నిలబడితే నాలుగు దారులూ నాలుగు దిక్కులకు సాగిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. నగరం ప్లాను కాగితం మీద చూసినంత తేటగా ఉన్నది.

2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు పెచ్చు ఊడిపడింది. మాలోని సివిల్ విభాగపు ఇంజనీరు ఒకరు ఆ చోటు ఏదని అడిగి, మరమ్మతు జరిగిన భాగాన్ని చాలాసేపు పరిశీలించారు. గానుగ సున్నంతో పని చేయగల మేస్త్రీలు తగ్గిపోతున్న ఈ రోజులలో ఇటువంటి కట్టడాలను కాపాడటం తేలిక కాదని ఆయన అన్నారు.

పద్నాలుగు వందల ఎద్దులు

చార్మినారుకు నైరుతి దిశలో కనిపించే మక్కా మసీదు పని 1617లో మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలైంది. 1687లో గోల్కొండ మొగలుల వశమైనది. చివరకు 1694లో ఔరంగజేబు కాలంలో పని ముగిసింది. అంటే డెబ్బై ఏడేళ్లు. మొదటి రాయి మోసిన కూలీ మనుమడు చివరి రాయి నిలిపి ఉంటాడు.

ఈ పని జరుగుతున్న కాలంలోనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. మసీదులోని ఒక మహాశిల గురించి ఆయన రాసిన సంగతిని మార్గదర్శకుడు చెప్పాడు. దానిని గని నుండి తీయడానికే ఐదు వందల నుండి ఆరు వందల మంది ఐదేళ్లు శ్రమించారట. నగరానికి తరలించడానికి పద్నాలుగు వందల ఎద్దులను పూన్చారట.

మా బృందంలో అందరికన్నా పెద్దవారు ఎనభై దాటిన విశ్రాంత ఫోర్‌మన్ ఒకరున్నారు. శ్రీకాకుళం జిల్లా నుండి 1960లలో భిలాయి వచ్చినవారు. పిల్లలందరికీ ఆయన తాతగారే. అప్పటివరకు మౌనంగా నడుస్తున్న ఆయన ఆ రాయి ముందు ఆగి అడిగారు.

“ఇది లాగిన వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా, బాబూ?”

“లేవండీ పెద్దాయనా. కట్టించిన వాళ్ల పేర్లే ఉన్నాయి.”

తాతగారు తల ఊపారు. “మా ఫౌండేషన్ల మట్టిని రేజాలు తట్టలతో మోశారు. చంటిపిల్లలను చెట్టు నీడన పడుకోబెట్టి మోశారు. నాకు నలుగురైదుగురి పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి” అన్నారు. పక్కనే ఉన్న ఆయన మనుమరాలు, “మాకెప్పుడూ చెప్పలేదేం తాతయ్యా?” అని అడిగింది. “మీరెప్పుడూ అడగలేదు గదమ్మా” అని ఆయన నవ్వారు. ఆ తరువాత దారి పొడవునా పిల్లలు మార్గదర్శకుని వదలి తాతగారి చుట్టూ చేరారు.

లక్క గాజులు, చౌమహల్లా

చార్మినారు నుండి పడమరగా వెళ్లే వీధి లాడ్‌బజారు. మేము చేరే సమయానికి దుకాణాలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. లక్కను నిప్పుల మీద వేడిచేసి, మెత్తబడిన ముద్దను సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని చేతితో పొదగాలి. వేడి తగ్గితే రాయి అంటదు. ఎక్కువైతే గాజు రూపు చెడుతుంది. కొలిమి దగ్గర జీవితం గడిపిన వారికి ఆ పనిలోని కష్టం వెంటనే అర్థమవుతుంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మా వారంతా చేతనైనన్ని కొన్నారు. బేరం కూడా చేశారు.

చౌమహల్లా ప్రాసాదంతో మా పర్యటన ముగిసింది. పద్దెనిమిదవ శతాబ్దంలో మొదలై పంతొమ్మిదవ శతాబ్దంలో పూర్తయిన ఈ నిజాముల ప్రాసాదం చాలాకాలం ఆదరణ లేక శిథిలమైంది. ఎంతో శ్రమతో పునరుద్ధరించి 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. ఆ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. పాడుబడినదానిని కూడా పట్టుదల ఉంటే తిరిగి నిలబెట్టవచ్చుననడానికి ఇది మంచి ఉదాహరణ.

వెళ్లదలచిన వారికి కొన్ని సూచనలు. ఉదయం ఎనిమిదికల్లా నడక ప్రారంభించడం మంచిది. శుక్రవారం చౌమహల్లా మూసి ఉంటుంది, మసీదు వద్ద రద్దీ కూడా ఎక్కువ. మసీదులోనికి వెళ్లేవారు నిండుగా కప్పే దుస్తులు ధరించాలి. పాదరక్షలు తేలికగా విడిచి తొడుక్కొనేవిగా ఉండాలి. వృద్ధులు ఉంటే చార్మినారు మెట్లు ఎక్కించకపోవడమే మేలు. మా తాతగారు కింద టీ తాగుతూ మా కోసం వేచి ఉన్నారు.

మన ఊరికి ఒక నడక

తిరుగు ప్రయాణంలో మా మాటలన్నీ భిలాయి చుట్టూనే తిరిగాయి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ రెండు తేదీలు మన పిల్లలు బడిలో చదువుకుంటారు. నాలుగేళ్ల ఆ వ్యవధిలో పొలాలూ పల్లెలూ ఉన్న నేల మీద కర్మాగారాన్ని, నగరాన్ని నిలిపిన చేతులు ఎవరివో పుస్తకాలలో అంతగా కనిపించదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల రైతులు, తెలుగు నేల నుండి, కేరళ, బెంగాలు, పంజాబు, ఒరిస్సాల నుండి వచ్చిన యువకులు, భాష రాకపోయినా సైగలతో పని నేర్పిన సోవియట్ నిపుణులు అందరూ కలిసి చేసిన పని అది.

మక్కా మసీదు రాయిని లాగిన వారి పేర్లు ఇక దొరకవు. భిలాయి విషయంలో ఆ పరిస్థితి ఇంకా రాలేదు. తొలితరంలో మిగిలిన వారు మన సెక్టారులలోనే ఉన్నారు. అయితే ఏటేటా వారి సంఖ్య తగ్గుతున్నది.

కనుక మేము కొందరం ఒక నిర్ణయానికి వచ్చాము. ప్రతి శీతకాలపు సెలవులలో ఒక ఆదివారం ఉదయం సివిక్ సెంటరు నుండి బయలుదేరి, తొలినాళ్ల క్వార్టర్ల వీధుల మీదుగా సెక్టారు 9 ఆసుపత్రి వరకు పిల్లలతో నడవాలనుకున్నాము. ఆ నడకలో మార్గదర్శకులు మన విశ్రాంత ఉద్యోగులే. నడవలేని వారి ఇంటి ముందు ఆగి, వారి మాటలు వారి వాకిట్లోనే వింటాము. వారు చెప్పిన పేర్లను పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుంటారు. తాతగారు చెప్పిన రేజాల పేర్లతో ఆ పుస్తకం ఇప్పటికే మొదలైంది.

ఉద్యోగ సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట్లోనో, పక్క క్వార్టరులోనో తొలితరం పెద్దలు ఉంటే ఈ ఆదివారమే వారి వద్ద కాసేపు కూర్చోండి. ఏ సంవత్సరం వచ్చారు, ఏ విభాగంలో చేరారు, పక్కన ఎవరు పని చేశారు అని అడగండి. వారు చెప్పిన పేర్లను వెంటనే రాసిపెట్టండి.