అమ్మమ్మ గారాబం: నిందలెన్ని, నిజాలెన్ని

వేసవి సెలవులు ముగిసి పిల్లలు ఊరి నుంచి తిరిగొచ్చాక చాలా ఇళ్లలో ఒకటే పంచాయితీ. ‘అమ్మమ్మ వాళ్లింట్లో నెల రోజులుంటే చాలు, ఇక మాట వినరు’ అని ఒకరు. ‘మా అమ్మ చేతిలో పెడితే నాకే బెంగా ఉండదు’ అని మరొకరు. రెండు మాటల్నీ కాస్త పరీక్షించి చూడాలి.

అపోహ: పెద్దవాళ్ల గారాబం పిల్లల్ని చెడగొడుతుంది

ఇంగ్లండ్, వేల్స్‌లలో 11 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని 1,500 మందికి పైగా పలకరించి చేసిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు తమ చదువులో, కష్టసుఖాల్లో బాగా కలగజేసుకుంటారని చెప్పిన పిల్లల్లో మానసిక ఇబ్బందులు తక్కువగా, తోటివాళ్లకు సాయపడే గుణం ఎక్కువగా కనిపించాయి. తల్లో తండ్రో ఒక్కరే ఉన్న ఇళ్లలో, మారుటి తల్లిదండ్రులున్న ఇళ్లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా ఉంది. పెద్దవాళ్ల వల్లే పిల్లలు బాగున్నారని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. చెడిపోతారన్న మాటకు మాత్రం ఇందులో ఆధారం లేదు.

అయితే తిండి దగ్గర ఆ నింద నిలబడుతుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు 18 దేశాల్లో జరిగిన 56 అధ్యయనాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. తాతయ్య, అమ్మమ్మల పెంపకంలో పిల్లలు అవసరానికి మించి తినడం, బరువు పెరగడం, పిల్లల ముందే పెద్దలు పొగ తాగడం అన్న మూడూ పదేపదే కనిపించాయి. మన ఇళ్లలో నెయ్యి ముద్దను తప్పుపడుతుంటాం గానీ, నా అనుమానమంతా వీధి చివరి కొట్టు మీదే. మనవడు చెయ్యి పట్టుకుని లాగితే మోకాళ్ల నొప్పులున్న తాతయ్య కూడా అక్కడిదాకా నడుస్తాడు; బిస్కెట్ ప్యాకెట్టో, కూల్‌డ్రింకో కొనకుండా తిరిగిరాడు. పొద్దున పెరట్లో చుట్ట కాలుస్తూ పసివాణ్ని పక్కన కూర్చోబెట్టుకునే ముచ్చట కూడా మానాల్సిందే.

ఫోను చేతికిచ్చి అన్నం పెట్టడం మరో ఫిర్యాదు. ఏడాది నిండని పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ విషయంలో అమ్మానాన్నలు మాత్రం అమ్మమ్మల కంటే మెరుగ్గా ఉన్నారా?

అపోహ: అనుభవం ఉంది కాబట్టి పసిబిడ్డ విషయంలో పెద్దవాళ్ల మాటే చెల్లాలి

ఆఫ్రికాలోని గాంబియా పల్లెల్లో 1950 నుంచి 1974 దాకా సేకరించిన వివరాల్ని తర్వాతి కాలంలో పరిశోధకులు తిరగేస్తే, అమ్మమ్మ బతికున్న పిల్లలు పుష్టిగా ఉన్నట్టు, పసితనం దాటి బతికే అవకాశమూ వాళ్లకే ఎక్కువున్నట్టు తేలింది. (నాయనమ్మలు నొచ్చుకోనక్కర్లేదు, ఇతర సమాజాలు కొన్నింటిలో వాళ్ల వల్ల జరిగిన మేలూ నమోదైంది.) పసిబిడ్డ ఉన్న ఇంట్లో అనుభవమున్న చెయ్యి ఇంకొకటి ఉండటం ఎంత అవసరమో అమ్మమ్మలకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

అలాగని పాత పద్ధతులన్నీ మంచివైపోవు. ముర్రుపాలు పిండి పారబోయించడం బిడ్డకు అందాల్సిన రక్షణను పారబోయడమే. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకిస్తే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే వీలుంది. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ముక్కుల్లో, చెవుల్లో నూనె చుక్కలు వేయడమూ మంచిది కాదు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఒళ్లు మర్దనా చేయడం, స్నానం పోస్తూ ఊసులాడటం, జోల పాడటం నిక్షేపంగా సాగనివ్వండి. ‘డాక్టరు వద్దన్నారత్తయ్యా’ అని చెప్పే బాధ్యత కోడలి నెత్తిన పెట్టకుండా కొడుకే చెబితే సగం గొడవలు తగ్గుతాయి.

అపోహ: కథల వల్ల లాభం వాటిలోని నీతి వల్లే

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు వాళ్ల కుటుంబం గురించి 20 ప్రశ్నలు వేశారు. అమ్మానాన్నలకు పరిచయం ఎలా అయింది, వాళ్లు ఎక్కడ పెరిగారు వంటివి. జవాబులు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే ఈ ఫలితం రాదని కూడా వాళ్లే చెప్పారు. అందరూ కలిసి కూర్చుని ఆ సంగతులు చెప్పుకోవడంలోనే ఉందంతా.

కాబట్టి పంచతంత్రం పుస్తకం కొనివ్వలేదని తాతయ్య బాధపడక్కర్లేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి తాను ఎక్కడున్నాడో, ఎలా బతికి బయటపడ్డాడో చెబితే చాలు. అనంతపురం తాతయ్య అయితే బోరు ఎండి అప్పులపాలైన ఏడాది గురించి, ఆ అప్పు ఎలా తీరిందో చెప్పొచ్చు. మనం సాధారణంగా గెలిచిన సంగతులే పిల్లలకు చెబుతాం. తాతయ్య పదో తరగతి తప్పాడని తెలిస్తే మనవరాలికి ఆయన మీద గౌరవం పోదు. తనకు లెక్కల్లో మార్కులు తగ్గిన రోజున ముందు ఆయన దగ్గరికే వెళ్తుంది.

అపోహ: దూరంగా ఉంటే బంధం నిలవదు

బెల్జియంలో 7 నుంచి 16 ఏళ్ల పిల్లలు 1,151 మందిని ప్రశ్నించిన అధ్యయనం 2017లో వచ్చింది. వృద్ధుల పట్ల పిల్లల చులకన భావం తగ్గడానికి తాతయ్య, నాయనమ్మల్ని ఎన్నిసార్లు కలిశారన్న దానికంటే ఆ కలయిక ఎంత సంతోషంగా గడిచిందన్నదే ముఖ్యమని అందులో తేలింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవడితో వారానికోసారి మాట్లాడే అమ్మమ్మకు ఇది ఊరట. ‘తిన్నావా, చదువుకున్నావా’ అన్న రెండు ప్రశ్నలతో కాల్ ముగిస్తే మాత్రం వాడు మూడోవారం ఫోను దగ్గరికి రాడు. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషు దెబ్బతింటుందన్న భయం వట్టిదే. రెండు భాషలు కలిపి మాట్లాడటం పిల్లల్లో సహజం.

అపోహ: ఖాళీగానే ఉంటారుగా, మనవల్ని చూసుకుంటే వాళ్లకూ కాలక్షేపం

మెల్‌బోర్న్‌లో 186 మంది మహిళలతో చేసిన చిన్న అధ్యయనం 2014లో అచ్చయింది. వారానికి ఒకరోజు మనవల్ని చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు మేధకు సంబంధించిన పరీక్షల్లో ముందున్నారు. వారానికి ఐదు రోజులు, అంతకు మించి చూసుకునేవాళ్లు ఒక పరీక్షలో వెనకబడ్డారు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేదాకా మనవళ్లను కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్లది ఈ ఐదు రోజుల లెక్కే. తల్లిదండ్రులు గల్ఫ్ వెళ్తే జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో, తల్లులు కువైట్ పనికి పోతే కడప, గోదావరి జిల్లాల్లో వారమంతా అదే పని. బడిలో సంతకం, రాత్రి జ్వరం, ఫీజు గడువు అన్నీ ఆ అమ్మమ్మవే. ఆమెకు చెప్పాల్సింది పిల్లల పెంపకం గురించి కాదు. బీపీ మందులు తెచ్చిపెట్టే మనిషిని, ఆదివారమైనా పిల్లల్ని చూసుకునే పిన్నినో బాబాయినో చూపించాలి.